అమ్మ నోటి ఇంగ్లీషు

ఆ రోజు పొద్దున తూర్పున మబ్బు లేదు. సముద్రం మీద మాత్రం తెల్లటి పొర ఒకటి, పాలు మీగడ కట్టబోయే ముందు కనిపించేట్టు, కదలకుండా పరుచుకుని ఉంది. ఉప్పు పండించేవాళ్లం అలాంటి పొరను నమ్మం. పొద్దుటి పూటంతా ఎండ కాయనిచ్చి మధ్యాహ్నానికి ఏదో ఒకటి చేస్తుంది. నేను మడి గట్టు మీద నిలబడి దాన్నే చూస్తుంటే, బడిలో ఇంగ్లీషు చెప్పే ఎస్తేరు టీచరు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట వచ్చింది. ఆమె వెనక, భుజానికి సంచీ తగిలించుకుని ఒక సన్నటి మనిషి.

"మాల్యాద్రన్నా, ఊళ్లో మీ ఇల్లొక్కటే మిగిలింది. ఇంటిపాఠం ఫోను పెట్టిపోదామని వచ్చాం," అంది టీచరు. "ఈయన ఖాసిం గారు. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేస్తారు. ఆ ఫోనులో ఉన్నదంతా ఈయన తయారుచేసిందే."

అంతకు ముందు బడిలో పిల్లలకు ఫోన్లిచ్చి బొమ్మలు చూపించేవాళ్లు. ఎక్కడివో తెల్లపిల్లలు పళ్లు తోముకుంటూ, రొట్టె తింటూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. మా పిల్లలు దాన్ని అప్పజెప్పి, గంట కొట్టగానే మరిచిపోయేవాళ్లు. అది చూసి చూసి టీచరుకి ఒక ఆలోచన వచ్చిందట. అదే నాకు చెప్పింది.

"పిల్లకి మొదటి మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్నా? అమ్మ నోట్లోంచి. రెండో భాష కూడా అక్కణ్ణించే రావాలి."

"రావాలంటే ముందు ఆ అమ్మకి రావాలి గదమ్మా," అన్నాను. "మా వాడలో యే ఆడమనిషికొచ్చు?"

ఖాసిం నవ్వాడు. "అమ్మకి రాకపోయినా ఫరవాలేదండీ. ఫోనుకి వచ్చు."

ఇంట్లో ఒక మూల ఫోను నిలబెడతారు. అది ఇంట్లో జరిగేది చూస్తుంది, వింటుంది. మర్నాడు బడిలో పిల్లకు అదే ఇల్లు, అదే అమ్మ, అదే గొంతు కనిపిస్తాయి, వినిపిస్తాయి. మాటలు మాత్రం ఇంగ్లీషు. పెదాలు కూడా ఆ మాటలకు తగ్గట్టే కదులుతాయి.

"మా ఇంట్లో అమ్మ లేదు గదమ్మా," అన్నాను.

టీచరుకి తెలుసు. నా భార్య అంకమ్మ జ్వరంతో పోయినప్పుడు ఆమె కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మీరున్నారుగా అన్నా. మీరు మాట్లాడండి," అంది.

నేను మళ్లీ సముద్రం మీది పొర వైపు తిరిగాను. టీచరు ఖాసిం వైపు చూసింది. "ఇదిగో, నా భయమల్లా ఇదే. అన్న నోరు విప్పడు."

*

బడిలో కంప్యూటర్ల గదిని ఇంటిపాఠం గది చేశారు. కొన్నాళ్లకు తల్లిదండ్రుల్ని పిలిచి చూపించారు. పిల్లలు వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక ఫోను, చెవులకు గొట్టాలు, నుదుటికి నల్లటి పట్టీ. పట్టీకి చిన్న దీపం ఉంది. పిల్ల మనసు నిజంగా ఆ ఇంట్లోకి, ఆ పూటలోకి వెళ్లినప్పుడు దీపం పచ్చగా వెలుగుతుందట. అప్పుడే ఫోను మాట వినిపిస్తుంది. వెలగకపోతే ఊరుకుంటుంది.

మా పక్క మడి పిచ్చమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. ఆమె కొడుకు ముందున్న ఫోనులో ఆమే ఉంది. బిందె ఎత్తుకుంటూ, దొరసాని మాదిరి ఏదో చెబుతోంది.

"నేనేనా అది? ఎంత మర్యాదగా ఉండానో చూడు," అంది పిచ్చమ్మ. "ఇట్టా మాట్టాడుంటే మా ఆయన ఎప్పుడో మాట ఇనేవోడు."

అందరూ నవ్వారు. మా పాప చందన దగ్గరికి వెళ్లాను. దాని పట్టీ దీపం వెలగడం లేదు. ఫోనులో నేను, అది, మధ్యలో అన్నం గిన్నె. ఎవరం ఏమీ మాట్లాడటం లేదు.

ఖాసిం నన్ను పక్కకు పిలిచాడు. "ఏమీ అనుకోకండి. ఇన్నాళ్లూ మీ ఇంట్లో ఫోనుకు దొరికింది ఇదే. తిను. పడుకో. తలుపెయ్యి. మీ పాపకి ఇంగ్లీషులో ఈ మూడే వచ్చు."

ఆ పూట ఇంటికి పోయి ఫోను ముందు కూర్చుని ప్రయత్నించాను.

"ఇయ్యాల ఎండ బాగుంది," అన్నాను.

"ఊఁ," అంది చందన.

"రేపు గూడా ఉంటది."

"ఊఁ." అది నవ్వు ఆపుకోలేకపోయింది. "నాన్నా, నువ్వు నాకు జెప్పడంలా. ఫోనుకి జెబుతన్నావు."

నిజమే. నాకు చిన్నప్పటినుంచీ మాట తక్కువ. మా ఇద్దరి మాటలూ అంకమ్మే మాట్లాడేది. ఉప్పు కొనడానికొచ్చినవాడితో బేరం, పిల్లతో కబుర్లు, వానతో తిట్లు, అన్నీ ఆమెవే. పోయే ముందు ఏడాది ఒక చిన్న ఫోను కొనుక్కుంది. కనబడిందల్లా దాన్లో పట్టేది. మడిలో ఉప్పు తేరుతుంటే, చందన పలక పట్టుకుని ఏడుస్తుంటే, మబ్బు చూసి కేకేసేటప్పుడు ఆ ఫోనును దూరంగా గట్టు మీద ఆనించి తన కేక తనే పట్టుకునేది. ఆమె పోయాక ఆ ఫోను నేను తెరవలేదు. గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టాను.

దాన్ని తీసుకెళ్లి టీచరు చేతిలో పెట్టాను.

"ఆలోచించుకున్నారా అన్నా?" అంది.

"దీన్లో వాళ్లమ్మ మాటలుండాయి. ఊరికే పడున్నాయి. పిల్లకన్నా పనికొస్తాయి."

అప్పుడు నాకు తోచింది అంతే. మా పనిలో ఏదీ ఊరికే పోనివ్వం. ఉప్పు తీశాక మడిలో మిగిలిన చేదునీళ్లను కూడా ఇంకో మడికి మళ్లిస్తాం.

మొదటిసారి వాళ్లమ్మ బొమ్మ పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అంకమ్మ తెర మీదికి వచ్చింది. గొంతు చందన చెవి గొట్టాల్లోకే పోతోంది, నాకు వినపడలేదు. చందన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగింది. దీపం వెలిగింది. మళ్లీ ఆరలేదు. ఖాసిం వంగి ఆ దీపాన్ని చూశాడు. "ఇంత పచ్చగా ఎవరికీ వెలగలేదు," అన్నాడు టీచరుతో. ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ ఎండాకాలం చందన మా కళ్లముందే మారిపోయింది. పై అధికారులు వచ్చి దానితో మాట్లాడారు. వాళ్లు తడబడ్డారు గానీ అది తడబడలేదు. ఇంట్లో కూడా తల దువ్వుకుంటూ, బొమ్మకు అన్నం పెడుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పుకునేది. నాకు అర్థం కాకపోయినా ఆ మాటల వరసలో అంకమ్మ ఊపు ఉండేది. మాట చివర్ని కొంచెం పైకెత్తి వదిలేయడం ఆమెదే. నేను గుమ్మంలో కూర్చుని వినేవాణ్ణి. చాలా కాలానికి ఇంట్లో మాట తిరుగుతోంది కదా అనుకున్నాను.

*

మా ఉప్పు కొఠార్లలో, అంటే ఈ మడులన్నీ కలిసిన చోట, ఒక కట్టుబాటు ఉంది. ఉప్పు లాగేటప్పుడు అందరి తలలూ కిందికే ఉంటాయి. సముద్రం మీద మబ్బు ఎవరి కంటపడితే వాళ్లు నిలబడి కేక వెయ్యాలి. పక్క మడివాడు అందుకుని తిరిగి కేక వేసిందాకా తన కుప్ప దగ్గరికి పోకూడదు. అలా ఒక మడి నుంచి ఇంకో మడికి, చివరిదాకా కేక పోతుంది. అప్పుడు అందరూ కుప్పల మీద తాటాకు కప్పుకుంటారు. కొఠార్లలో సగం కేకలు అంకమ్మవే. ఆమె కన్ను పైనే ఉండేది.

ఆ ఆదివారం చందన గట్టు మీద కూర్చుని ఉంది. మేమంతా వంగి ఉన్నాం. వాళ్లమ్మ లాగే అదే ముందు చూసింది. లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేసింది.

"క్లౌడ్స్ ఆర్ కమింగ్... కవర్ ద సాల్ట్..."

మంచి కేకే. చివరిదాకా వినపడింది. తలలు లేచాయి. లేచి బడిపిల్ల వైపు చూశాయి, ఆకాశం వైపు కాదు.

"ఏందే, ఆదివారం గూడా పాఠమేనా," అంది పిచ్చమ్మ. "మీ టీచరమ్మ జీతం పెంచాలి." నలుగురు నవ్వి మళ్లీ వంగారు. నేనూ నవ్వాను.

చందన మళ్లీ అరిచింది. మూడోసారికి దాని గొంతులో ఏడుపు వినపడి నేను తూర్పుకు చూశాను. నల్లటి గోడ ఒకటి నీళ్ల మీద నడిచి వస్తోంది. నేను కేక వేశాను. నా గొంతు పక్క మడి దాటి పోదు. పిచ్చమ్మ అందుకుని వేసేసరికి మొదటి చినుకులు పడ్డాయి. మా వైపు మడులవాళ్లం కప్పుకోగలిగాం. దక్షిణం వైపువాళ్లకు వీలుపడలేదు. వారం రోజులు లాగిన ఉప్పు చూస్తుండగానే నీరై మడిలోకి పోయింది.

వాన వెలిశాక పిచ్చమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చింది. "అంకమ్మ కేకేస్తే రేవుదాకా కదిలేది. దీనికేం రోగం? ఆటలాడే వేళా ఇది?"

"నేను ఆట్టాడలా," అంది చందన. "అమ్మ అరిచినట్టే అరిచా. అమ్మ ఇట్టాగే గదా అరిచేది."

పిచ్చమ్మ నోరు తెరిచి, నా మొహం చూసి, మూసుకుంది. తన మడి వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి దాని తల తుడుస్తూ అడిగాను. "మీ అమ్మ తెలుగులో గదమ్మా కేకేసేది."

అది నా వైపు జాలిగా చూసింది, నేనేదో మరిచిపోయినట్టు. "నీతో తెలుగులో మాట్టాడేదేమో నాన్నా. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే."

*

మర్నాడు బడికి పోయి టీచరుకి చెప్పాను. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత కుర్చీలో కూర్చుంది. ఖాసిం చందనను పిలిపించి నుదుటికి పట్టీ కట్టి, అంకమ్మ ఫోను తీసి, మార్పులేమీ చెయ్యని అసలు బొమ్మ అందరికీ వినపడేట్టు పెట్టాడు. కొఠార్ల గట్టు. అంకమ్మ నిలబడి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓయ్... మబ్బో... కప్పుకోండో... ఏయ్ పిచ్చమ్మా, ఆ వంగింది చాల్లే, లెయ్..."

రెండేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను.

చందన ఊరికే చూస్తోంది. నుదుటి దీపం వెలగలేదు.

"ఇదెవురో డబ్బింగ్ జేశారు సార్," అంది. "గొంతు అమ్మదే. మాటలు అమ్మవి గాదు. నోరు గూడా అతకలా."

ఖాసిం ఆ బొమ్మను మళ్లీ పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. అంకమ్మ పిల్లకు జడ వేస్తూ తిడుతోంది, నవ్వుతోంది. దీపం వెలగలేదు. చందన మర్యాదగా చివరిదాకా చూసింది, బస్సులో పక్కన కూర్చున్న మనిషి చెప్పేది వింటున్నట్టు. టీచరు దాన్ని వరండాలోకి పంపించింది.

"అందరు పిల్లలకీ ఇట్టాగేనా?" అన్నాను.

ఖాసిం కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "లేదండీ. జ్ఞాపకం అంటే పెట్టెలో మడిచి పెట్టిన చీర కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా నేసుకుంటుంది. ఆ సమయానికి ఏ దారం అందిస్తే ఆ దారంతో. మేం ఇంగ్లీషు అందించాం. మిగతా పిల్లలు సాయంత్రం ఇంటికి పోగానే వాళ్లమ్మ తెలుగులో నాలుగు తిడుతుంది. ఆ దారం కూడా పడుతుంది. అందుకని వాళ్లకు రెండూ నిలిచాయి." ఆగాడు. "మీ పాపకు సాయంత్రం లేదు. అది నాకు తట్టాల్సింది."

"నాకు తట్టాల్సింది," అంది టీచరు. "ఖాసిం గారికి మా ఊరు తెలవదు. నాకు తెలుసు."

నాకు వాళ్ల మీద కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

"ఎనక్కి తేలేరా?" అన్నాను.

"ఒక దారి ఉంది. ఇప్పుడున్నది చెరిపేసి, ఖాళీ అయ్యాక తెలుగు అందించడం. చెరపడం మా చేతుల్లో ఉంది. తర్వాత తెలుగు పడుతుందా లేదా అన్నది మాత్రం చెప్పలేను. పడకపోతే..." ఆయన ముగించలేదు.

"పడకపోతే వాళ్లమ్మ ఏ బాసలోనూ ఉండదు. అంతేగా?"

ఆయన తల ఊపాడు.

గుమ్మంలో అలికిడైంది. చందన అక్కడే నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. దాని కళ్లు నా మీదే ఉన్నాయి.

"అమ్మను దీసేస్తారా నాన్నా?"

ఖాసిం తల దించుకున్నాడు. నేను దాని నుదుటి పట్టీ విప్పి బల్ల మీద పెట్టాను.

"లేదు. ఎవురూ తియ్యరు," అన్నాను. దాన్ని తీసుకుని ఇంటికొచ్చాను.

*

తర్వాత నాలుగు రోజులు నేను మడికి పోలేదు. దక్షిణం వైపువాళ్ల కోసం పిచ్చమ్మ, ఇంకొందరు తలా కొంత ఉప్పు తీసి పెడుతుంటే నా వంతు నేనూ పంపాను. మిగతా సమయమంతా ఇంట్లో కూర్చున్నాను. ఖాసిం అన్న మాట నన్ను వదల్లేదు. సాయంత్రం లేదు అన్నాడు. సాయంత్రాలు ఉన్నాయి. రోజూ వచ్చాయి. వాటిలో మాట లేదు, అంతే.

ఐదో రోజు మధ్యాహ్నం టీచరు వచ్చింది. ఇంటిపాఠం గదికి తాళం వేసి, తన ఆలోచన వల్ల ఏం జరిగిందో పై వాళ్లకు తనే చెప్పి వచ్చానంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదట. క్షమించమని అడగబోయింది. నేను పీట వాల్చాను.

"కూచో అమ్మా. అన్నం వేళయింది. తిని పోదువు."

ఎండు నెత్తళ్ల చేపలూ వంకాయా కలిపి పులుసు పెట్టాను. అది పొయ్యి మీద కుతకుతలాడుతోంది. చందన టీచరు పక్కన చేరి, ఆమె పాదాల వంక చూసింది. ఉప్పు గట్ల మీద నడిచి వచ్చినందుకు అవి ఎర్రబడి ఉన్నాయి. చూస్తూ చూస్తూ అది ఇంగ్లీషులో ఏదో అంది. మెల్లగా, ఎవరినో ఓదారుస్తున్నట్టు. టీచరు మొహం తిప్పుకుంది.

"ఏందమ్మా అది?" అన్నాను.

"అమ్మ అన్నింది. నా కాళ్లు పగిలితే ఆముదం కాచి పూసింది గదా, అప్పుడు." నాకోసం తెలుగులోకి మార్చి చెప్పింది. "కొంచెం మంటగా ఉంటుంది బంగారం. ధైర్యంగా ఉండు. అయిపోవచ్చింది."

అంకమ్మ ఆముదం పూసిన పూట నేను ఇంట్లోనే ఉన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. అప్పుడు అంకమ్మ తన ఫోను బయటికి తీయలేదు. ఏ ఫోనులోనూ లేదది. అంటే పిల్లకు అది నిజంగానే గుర్తుంది. ఇంటి దీపపు వెలుగు, ఆముదం వాసన, పాదం పట్టుకున్న చెయ్యి, అన్నీ ఉండే ఉంటాయి. మాటలు మాత్రం వేరే అల్లుకున్నాయి.

అవునమ్మా, అట్టాగే అనింది అని ఊరుకుంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"అట్టా గాదమ్మా," అన్నాను. "మీ అమ్మ అనింది నేను జెబుతా. ఇను."

టీచరు నా వైపు చూసింది. నేను చందన ముందు కింద కూర్చుని దాని పాదం నా మోకాలి మీద పెట్టుకున్నాను. అంకమ్మ మాట నా గొంతులో పట్టదు. అయినా ఆమె ఎక్కడ ఎత్తి ఎక్కడ దించేదో గుర్తు తెచ్చుకుంటూ చెప్పాను.

"మండితే మండనియ్యే. ఉప్పులో తిరిగిన కాలు మండక నవ్వుద్దా. కదిలావంటే చూడు, ఆ రెండో కాలికి గూడా పూస్తా. ఎవురి బిడ్డవే నువ్వు, ఇంత సున్నితం. మీ నాయన బిడ్డవే అయ్యుంటావు."

చందన కదలకుండా వింది. దాని కళ్లలో గుర్తుపట్టిన జాడ ఏమీ రాలేదు. నేను చూస్తూనే ఉన్నాను. రాలేదు.

"అమ్మ అంత కోపంగా అన్నిందా?" అని అడిగింది.

"కోపం గాదమ్మా."

"మరేంది?"

చెప్పాలని చూశాను. టీచరు కూడా ఏదో చెప్పబోయి ఆగింది. ఆమెకు రెండు భాషలూ వచ్చు.

చందనే మళ్లీ అంది. "ఇంకోసారి జెప్పు."

చెప్పాను. ఈసారి గొంతు కొంచెం కుదిరింది. అది పాదం వెనక్కి తీసుకోలేదు. మళ్లీ చెప్పమనలేదు కూడా.

లేచి పులుసు దించాను. ముగ్గురికీ కంచాలు పెట్టి అన్నం వడ్డించాను. టీచరు వద్దనకుండా తింది. చందన ముళ్లు ఏరుకుంటూ తింటోంది. నేనూ తిన్నాను. నమలడం ఆపి మధ్యలో ఒకసారి చందన ఎటో చూసింది. దాని పెదాలు చప్పుడు లేకుండా కదిలాయి. ఆగి, మళ్లీ మొదటినుంచి కదిలాయి. ఏ మాటలో, ఏ భాషలోనో నాకు తెలియలేదు. నేను దాని కంచంలో ఇంకొంచెం అన్నం వేశాను.